చేప కోసం వచ్చే సొర

సముద్రంలో ఒక్క నెత్తుటి చుక్క పడితే మైలు దూరంలో ఉన్న సొరచేప కూడా పసిగట్టి వచ్చేస్తుందంటారు, నిజమేనా? సొరల మాటెత్తితే బడిపిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా అడిగే ప్రశ్న ఇదే. నిజానికి మన తీరంలో సొర అనగానే నోరూరుతుందే తప్ప ఒళ్లు జలదరించదు. ఉడికించి, ముల్లు తీసి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి పొడిపొడిగా వేయించిన సొరపుట్టు ముందు ఏ భయమూ నిలవదు. సొర అంటే మనకున్న భయం చాలావరకు సినిమాహాలులో పుట్టింది. అయినా ప్రశ్న మంచిదే. కారణం, నెత్తురోడుతున్న చేపలను పక్కనే పెట్టుకుని గంటల తరబడి సముద్రంలో ఈదేవాళ్లు కొందరున్నారు. వాళ్లకిది కాలక్షేపం కబురు కాదు.

వాళ్లు ఈటెవేటగాళ్లు. గాలి సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి మునుగుతారు. సాగదీసిన రబ్బరు పట్టీల బలంతో ఈటెను వదిలే తుపాకీ, అంటే స్పియర్ గన్, చేతిలో ఉంటుంది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, హవాయి, ఫ్లోరిడాల్లో ఇది అటు ఆటా, ఇటు కూరకు సంపాదనా. బహామాస్ దీవుల్లో ఈటెతుపాకీ వాడటం చట్టరీత్యా నేరం. చేత్తో రబ్బరు లాగి వదిలే ఈటె ఒక్కటే వాడాలి.

ముందొక మాట. ఈ వేటగాళ్లకు సొర కంటే పెద్ద మృత్యువు మరొకటుంది. బిగబట్టిన ఊపిరితో పైకి తేలుతున్నప్పుడు నీటి ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తులు సాగుతాయి, వాటిలో మిగిలిన కాస్త ఆక్సిజన్ పలచబడిపోతుంది. గాలి ఇక రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉందనగా స్పృహ తప్పుతుంది. దీన్ని షాలో వాటర్ బ్లాకవుట్ అంటారు. ఒంటరిగా వేటకు దిగవద్దు అనే సలహా మొదట దీనికోసం పుట్టిందే. సొర కాటు వేళ ప్రాణం నిలిపేది కూడా ఆ తోడు మనిషేనని ముందు ముందు చూస్తాం.

లెక్కలో చేరని కాట్లు

ఫ్లోరిడా ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ప్రపంచమంతటి సొర కాట్లను నమోదుచేసే ఒక చిట్టా ఉంది. పేరు ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్. ఆ చిట్టా ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద మనిషి కవ్వించకుండా సొర కరిచిన ఘటనలు 47. అంతకు ముందటి ఏడు 69. వందల కోట్ల జనం ఉన్న భూమ్మీద ఇది ఏపాటి సంఖ్య! పత్రికల్లో ఏటా వచ్చేది ఈ సంఖ్యే. చదివి హాయిగా ఊపిరి పీల్చుకుంటాం.

అయితే చిట్టాలో మరో ఖాతా ఉంది, కవ్వించినందుకు పడిన కాట్లది. 2024లో ఇవి 24, 2023లో 22. సొరను తాకబోయినవాళ్లు, మేత పెట్టబోయినవాళ్లు, గాలం నుంచి విడిపించబోయినవాళ్లు ఇందులోకి వస్తారు. ఈటెవేటగాళ్లను కూడా ఇందులోనే వేస్తారు. ఆ మనిషి సొర జోలికే పోలేదు కదా అని మనకు అనిపించవచ్చు. కానీ నీటిలో చేపను పొడిచి, అది గిలగిల కొట్టుకునేలా చేసి, నెత్తురు కలపడమంటే సొరను పిలవడమేనని ఆ శాస్త్రవేత్తల వాదన. నాకైతే ఈ విభజన న్యాయంగానే కనిపిస్తుంది. మామూలు ఈతగాడి దగ్గరికి సొర రావడం యాదృచ్ఛికం. వేటగాడి దగ్గరికి రావడానికి కారణం ఉంది, ఆ కారణం వేటగాడి చేతిలోనే ఉంది. కనుక ఈతగాడి ధీమా వేటగాడికి పనికిరాదు.

ఆల్డింగా తీరంలో

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరానికి దక్షిణంగా ఆల్డింగా అనే బీచ్ ఉంది. నీటి అడుగున విశాలమైన రాతిగట్టు, దాని అంచుల్లో చేపలు దండి. 1960ల తొలి ఏళ్లలో అక్కడ ఈటెవేట పోటీలు జోరుగా జరిగేవి. పోటీ అంటే ఏమిటి? డజన్ల మంది ఒకే చోట, గంటల తరబడి, ఎవరెక్కువ చేపలు కొడతారా అని పంతం పట్టడం. నీళ్లన్నీ నెత్తురూ గిలగిలలూ.

1961 మార్చిలో అక్కడ బ్రయన్ రాడ్జర్ అనే వేటగాడి కాలిని తెల్లసొర, అంటే గ్రేట్ వైట్, పట్టుకుంది. విడిపించుకున్నాక అతను తన తుపాకీ రబ్బరు పట్టీని తీసి తొడకు బిగించి కట్టుకున్నాడు. తర్వాతే ఒడ్డు దారి పట్టాడు. బతికాడు. 1962 డిసెంబరులో అదే తీరంలో కారికలింగా దగ్గర ఈటెవేటకు దిగిన 16 ఏళ్ల కుర్రవాడు సొర కాటుకు చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది, 1963 డిసెంబరు 8న, మళ్లీ ఆల్డింగాలో పోటీ. ఈసారి 23 ఏళ్ల రాడ్నీ ఫాక్స్ వంతు వచ్చింది.

ఫాక్స్ ఒక చేపకు గురి పెడుతుండగా పక్కనుంచి ఏదో ఢీకొట్టింది. తెల్లసొర అతని ఛాతీనీ వీపునూ కలిపి నోట కరుచుకుంది. కళ్లలో పొడిచి విడిపించుకోబోతే చెయ్యి దాని పళ్లకు దొరికింది. ఎలాగో బయటపడి పైకి తేలాడు. అక్కడితో అయిపోలేదు. వేటగాళ్లు కొట్టిన చేపలను నీటిపైన తేలే బుయ్యకు వేలాడదీసి, దాని తాడును వెంట లాక్కుపోతుంటారు. ఫాక్స్ ఆ తాడును నడుము బెల్టుకు తగిలించుకున్నాడు. సొర ఈసారి వచ్చి బుయ్యను పట్టుకుని కిందికి దిగింది, తాడుతో పాటు మనిషీ లోతుకు పోయాడు. తాడు తెగబట్టి బతికిపోయాడు.

దగ్గరలో ఒక పడవ ఉండటం అతని అదృష్టం. పక్కటెముకలు బయటపడ్డాయి, ఊపిరితిత్తికి గాయమైంది, పొట్ట తెరుచుకుంది. ఒంటి మీది రబ్బరు వెట్‌సూట్‌ను ఎవరూ విప్పలేదు, లోపలి అవయవాలను అదే పట్టి ఉంచింది. అడిలైడ్ ఆసుపత్రిలో వేసిన కుట్లు మొత్తం 462. కోలుకున్నాక ఫాక్స్ సొరల మీద పగ పట్టలేదు. దగ్గరినుంచి వాటిని చూడటానికి ఇనుప బోనుకు రూపకల్పన చేశాడు, తర్వాత వాటి రక్షణ కోసం మాట్లాడాడు. ‘జాస్’ సినిమాకు నిజం సొరలను చిత్రించడంలోనూ అతని సాయం ఉంది. అంటే లోకానికి సొర భయం అంటించిన సినిమాకే చెయ్యి వేశాడన్నమాట!

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది ఆ రెండో దాడి. గాయపడి, నిస్సహాయంగా, నెత్తురోడుతున్న మనిషి నీటిపైనే ఉన్నాడు. సొర నోరు పెట్టింది మాత్రం చేపల బుయ్య మీద.

మొదట చెవి, తర్వాత ముక్కు

ఇక మన ప్రశ్నకు వద్దాం. సొర ముక్కు పదునైనదే. కొన్ని అమైనో ఆమ్లాలను వంద కోట్ల పాళ్ల నీటిలో ఒక్క పాలు ఉన్నా అది పట్టగలదు. లెక్క వేస్తే ఒక చుక్కను దాదాపు 50,000 లీటర్ల నీటిలో కలిపినట్టు. గొప్పే, కానీ సముద్రంలో 50,000 లీటర్లు ఎంతని! పైగా ఇతర చేపల ముక్కులూ ఇంచుమించు ఇంతే పదును. అన్నిటికంటే పెద్ద చిక్కు, వాసన తనంతట తాను పరుగెత్తదు. నీటి ప్రవాహం మోసుకుపోవాలి. సెకనుకు అర మీటరు వేగంతో పారే ప్రవాహంలో అది మైలు దూరం చేరడానికి దాదాపు 54 నిమిషాలు పడుతుంది. ఈలోగా పలచబడి మాయమైపోతుంది. ప్రవాహానికి ఎగువన ఉన్న సొరకైతే ఆ కబురే అందదు. కనుక మైలు దూరపు చుక్క కథ కథే.

మరి సొర అంత త్వరగా ఎలా వస్తుంది? చప్పుడు విని వస్తుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. వాసనకు గంట పట్టే దూరం దానికి సెకను పైచిలుకు. ఈటె దిగిన చేప కొట్టుకునేటప్పుడు తక్కువ స్థాయి అదురు, ఆగి ఆగి, లయ తప్పి పుడుతుంది. ఫాక్స్‌ను సొర పట్టిన ఆ 1963లోనే అమెరికాలో డొనాల్డ్ నెల్సన్, శామ్యూల్ గ్రూబర్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి కృత్రిమ చప్పుళ్లను నీటిలో వినిపించి చూశారు. ఎర లేదు, నెత్తురు లేదు. ఉత్త చప్పుడుకే సొరలు వచ్చాయి. తెరిపి లేని మోత కంటే తెగి తెగి వచ్చే అదురే వాటిని ఎక్కువగా లాగింది.

దగ్గరికి వచ్చాక ముక్కు దారి చూపుతుంది. ఒంటికి రెండు పక్కలా తోక దాకా సాగే లేటరల్ లైన్, దాన్ని పక్కగీత అందాం, నీటి కదలికలను కనిపెడుతుంది. కళ్లు ఆకారాన్ని చూస్తాయి. ఆఖరి కొన్ని అంగుళాల్లో మూతి మీది సన్నని రంధ్రాలు పనిచేస్తాయి. 1678లో వాటిని వర్ణించిన ఇటలీ వైద్యుడి పేరుమీద లోరెంజినీ తిత్తులంటారు. బతికున్న కండరం నుంచి వెలువడే అతి స్వల్ప విద్యుత్తును అవి పట్టగలవు. కరిచే క్షణంలో సొర నమ్ముకునేది ప్రధానంగా ఈ తిత్తులనే. చేప చేతిలో పట్టుకున్న మనిషికి ఇదే ముప్పు. అంత దగ్గరలో చేప ఎక్కడ ముగిసి చెయ్యి ఎక్కడ మొదలైందో తేల్చుకునే తీరిక సొరకు ఉండదు.

ఆదివారం పెరట్లో చేపలు తోముతుంటే ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. కత్తిపీట ముందు కూచోగానే గోడమీద ఒక పిల్లి ప్రత్యక్షం. అది మన మీదికి రాదు. కాస్త ఎడంగా కూచుని అటూ ఇటూ నడుస్తుంది, మనం తల తిప్పగానే ఓ అడుగు ముందుకేస్తుంది, అదిలిస్తే అడుగు వెనక్కు పోతుంది. రెండో పిల్లి వచ్చిందా, మొదటిదానికి తొందర పుడుతుంది. రెండో దానికి దక్కుతుందేమోనని ఉన్నట్టుండి దూకి తలకాయో తోకో లాక్కుపోతుంది. ఆ లాగుడులో మన వేలికి గోరు గీరుకుంటే మనల్ని తినబోయిందని ఎవరూ అనుకోరు. ఆ వారం దానికి తలకాయ దొరికితే వచ్చే వారం కత్తిపీట చప్పుడుకే గోడెక్కుతుంది. వేటగాడి చుట్టూ తిరిగే సొర నడవడిక అచ్చం ఇదే. మొదట దూరంగా చుట్లు, చూపు తప్పగానే దగ్గరికి, ఇంకొకటి తోడైతే పోటీ, అలవాటైన చోట తుపాకీ చప్పుడుకే రాక. తేడా గోరులోనే ఉంది. పిల్లి గీరితే నోట్లో వేలు పెట్టుకుంటాం. సొర గీరితే తొడలో ధమని తెగుతుంది.

వేటగాడు ఏం చేయగలడు?

ఇంత తెలిశాక చేయాల్సినవి చాలావరకు వాటంతట అవే తేలుతాయి. కొట్టిన చేప గిలగిల ఎంత త్వరగా ఆగితే అంత మంచిది. అందుకే అనుభవజ్ఞులు చేప పట్టు చిక్కగానే మెదడులో కత్తి దించి చంపేస్తారు. జపాను జాలరులు దీన్ని ఇకెజిమె అంటారు. మాంసం రుచి చెడదని మొదలైన పద్ధతి ఇక్కడ ప్రాణరక్షణకు పనికొచ్చింది. పడవ ఉంటే చేప వెంటనే పడవలోకి పోవాలి. లేకపోతే పొడుగాటి తాడు చివరి బుయ్య మీదికి. నడుముకు మాత్రం చేప గుత్తిని కట్టుకోకూడదు, లాగితే ఊడిరాని ముడితో ఏ తాడునూ ఒంటికి తగిలించుకోకూడదు. ఒకే చోట ఎక్కువసేపు కొడితే అక్కడ పోగయ్యేది చేపలే కాదు. నీళ్లు బురదగా ఉన్నా, పొద్దు వాలుతున్నా వేట కట్టిపెట్టాలి.

సొర కనిపిస్తే వెన్ను చూపి పారిపోవడం అన్నిటికన్నా చెడ్డ పని. ముఖం దానివైపే ఉంచి, చూపు తిప్పకుండా, వీపు రాతిగట్టుకో తోటివాడి వీపుకో ఆనించి, మెల్లగా పడవవైపు జరగాలి. తుపాకీని అడ్డుకర్రలా ముందుకు చాచి పట్టుకుంటే దూరం నిలుస్తుంది. సొరను ఈటెతో కొట్టడం మాత్రం తెలివితక్కువ; ఈటె పోతుంది, గాయపడిన జంతువు మిగులుతుంది. పగడపు దిబ్బల్లో ఉండే బూడిదరంగు రీఫ్ సొర ఒక హెచ్చరిక చేస్తుంది. వీపు విల్లులా వంచి, పక్క రెక్కలు కిందికి దించి, ఒళ్లంతా విరుచుకుంటూ ఈదుతుంది. 1973లో ఈ భంగిమను శాస్త్రవేత్తలు వివరంగా వర్ణించారు. దాన్ని చూసినవాడు ఇంకో ఫొటో తీద్దామని ఆగితే ఆ పాపం అతనిదే. ఇక చేప కోసం నేరుగా వస్తుంటే చేపను వదిలేయాలి. చెప్పినంత తేలిక కాదు, అరగంట కష్టపడి కొట్టిన చేపను వదలడానికి చెయ్యి రాదు. కాట్లు పడే సందర్భాల్లో ఈ పంతానిదీ పెద్ద పాత్రే.

సొరను తరిమే మందు కోసం రెండో ప్రపంచ యుద్ధం నుంచీ వెతుకుతున్నారు. అప్పట్లో అమెరికా వాళ్లు రాగి లవణంతో చేసిన బిళ్లల పరిశోధనలో ఉద్యోగం చేసిన జూలియా చైల్డ్ ఆనక ప్రఖ్యాత వంటల రచయిత్రి అయింది. ఆ బిళ్లల కంటే ఆమె వంటలే బాగా పనిచేశాయి. ఈ మధ్య విద్యుత్ తరంగాలు వదిలే పరికరాలు వచ్చాయి. 2018లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు సర్ఫింగ్ చేసేవాళ్ల కోసం అమ్మే ఐదు సాధనాలను తెల్లసొరల మధ్య పరీక్షించారు. ఒక విద్యుత్ పరికరం ఎరను కరిచే సందర్భాలను 96 శాతం నుంచి 40 శాతానికి తగ్గించింది. మిగతావి చెప్పుకోదగ్గంత పనిచేయలేదు. 40 శాతం అంటే పది సార్లలో నాలుగు సార్లు కాటు పడ్డట్టే. పరికరం ఉందన్న ధైర్యంతో చేపను నడుముకు కట్టుకునేవాడు మళ్లీ మొదటికొచ్చినట్టు.

మొదటి ఐదు నిమిషాలు

సొర కాటుకు చనిపోయేవాళ్లలో ఎక్కువమంది రక్తం కోల్పోయే చనిపోతారు. పెద్దమనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. లీటరున్నర దాటి పోతే ప్రాణం గండంలో పడుతుంది. తొడ ధమని పూర్తిగా తెగితే అది కొద్ది నిమిషాల పనే. ఏ అంబులెన్సూ ఆ వేగంతో రాలేదు. కాబట్టి మొదటి వైద్యుడు పక్కన ఈదుతున్న స్నేహితుడే.

మొదటి పని నొక్కడం. నీళ్లలో ఉండగానే, పడవ మీదికి లాగుతుండగానే మొదలు కావాలి. కాలి గాయమైతే ఆస్ట్రేలియా అత్యవసర వైద్యుడు నికొలస్ టేలర్ చెప్పిన చిట్కా ఎవరైనా గుర్తుంచుకోగలిగింది. గాయమైన కాలి వైపు గజ్జల్లో, తుంటి ఎముకకూ మర్మాంగానికీ సరిగ్గా మధ్యన పిడికిలి పెట్టి, మోచెయ్యి వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాలి. ధమని అక్కడ ఎముక మీదుగా పోతుంది కాబట్టి నలిగి మూసుకుంటుంది. ఆరోగ్యవంతుల మీద కొలిచి చూస్తే పిడికిలి నొక్కుడుతో కాలికి పోయే రక్తప్రవాహం దాదాపు 90 శాతం తగ్గింది. సర్ఫింగ్ పలకతాడును తొడకు బిగిస్తే తగ్గింది 44 శాతమే. వెట్‌సూట్ మీదనుంచి నొక్కినా పని జరిగింది.

పిడికిలి ఎంతసేపు నిలుస్తుంది? అందుకే రెండో పని బిగువుకట్టు, అంటే టోర్నికెట్. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోకాలూ మోచెయ్యీ కీళ్ల మీద కాకుండా, వెడల్పాటి పట్టీ చుట్టి, ముడిలో గట్టి పుల్ల దూర్చి, నెత్తురు ఆగేదాకా మెలితిప్పాలి. సన్నని తాడు కండలోకి కోసుకుపోతుంది, ధమనిని మూయదు. అరకొర బిగువైతే మరీ ప్రమాదం. తిరిగి వచ్చే రక్తాన్ని ఆపి, పోయే రక్తాన్ని పోనిస్తుంది. బిగిస్తే విపరీతంగా నొప్పి పుడుతుంది, మనిషి అరుస్తాడు, అయినా వదలకూడదు. ఆగకపోతే దానికి పైన మరొకటి. కట్టిన వేళ నుదుటి మీదైనా రాయాలి. మధ్య మధ్య వదులు చేసి చూడకూడదు. రెండు గంటల్లోపు ఆసుపత్రికి చేరితే కాలికి సాధారణంగా నష్టం ఉండదు. తయారుగా దొరికే టోర్నికెట్ ఒకటి పడవలో, ఒకటి బుయ్యకు కట్టిన సంచిలో ఉండటం ఖరీదైన తుపాకీ కంటే ముఖ్యం.

ఇక్కడ మనవాళ్లకు ఒక అనుమానం రావాలి. కట్టు కట్టకూడదని కదా డాక్టర్లు చెబుతారు? అది పాము కాటుకు. విషాన్ని ఆపుతుందనుకుని తాడు బిగిస్తే అవయవం చచ్చుబడుతుంది, ఉపయోగం ఉండదు. ధార కట్టి పోతున్న నెత్తురుకు బిగువుకట్టే మందు. రెండింటినీ కలిపేసుకోవడం వల్ల రోడ్డు ప్రమాదాల్లోనూ మనం చూస్తూ నిలబడుతున్నాం. అలాగే మన ఇళ్లలో తెగిన గాయం మీద పసుపో కాఫీపొడో అద్దే అలవాటుంది. వేలు తెగితే నడిచిపోతుంది కానీ ధమని ముందు అవి కొట్టుకుపోతాయి, పైగా ఆసుపత్రిలో గాయం కడగడం కష్టం చేస్తాయి.

గజ్జల్లో, చంకలో, భుజం మీద బిగువుకట్టు పడదు. అక్కడ శుభ్రమైన గుడ్డను, గాజుగుడ్డ ఉంటే మరీ మంచిది, గాయం అడుగుదాకా వేలితో కుక్కి, నిండాక రెండు చేతులతో కనీసం పది నిమిషాలు నొక్కిపట్టాలి. ఆగిందేమో చూద్దామని తీయకూడదు. పొట్టలోనూ ఛాతీలోనూ గుడ్డ కుక్కకూడదు. పేగులు బయటపడితే లోపలికి తోయకుండా తడి గుడ్డ కప్పి ఉంచాలి. వెట్‌సూట్ అవసరమైతే కత్తిరించి గాయం చూడాలి తప్ప లాగి విప్పకూడదు. ఊపిరి ఆగితే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదాలి.

నెత్తురు ఆగాక పడుకోబెట్టి వెచ్చగా ఉంచడం చాలామంది మరిచిపోతారు. తడిసిన ఒళ్లు, సముద్రపు గాలి, తగ్గిన రక్తం, మూడూ కలిసి ఎండలో కూడా శరీరాన్ని చల్లబరుస్తాయి. చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు, ఆగిన గాయం మళ్లీ కారుతుంది. దుప్పటి, పొడి బట్టలు, పడవలోని పాలిథీన్ పట్టా, ఏది దొరికితే అది కప్పాలి. దాహం అని ఎంత బతిమాలినా నీళ్లు పోయకూడదు. ఆపరేషనుకు మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

చిన్న కాటును కూడా ఇంటి దగ్గర కట్టు కట్టి వదిలేయకూడదు. సముద్రపు నీటిలోనూ సొర పళ్ల మీదా విబ్రియో జాతి బాక్టీరియా ఉంటుంది. అది మామూలు యాంటీబయాటిక్స్ అన్నిటికీ లొంగదు. కనుక గాయం సముద్రంలో అయిందని డాక్టరుకు తప్పక చెప్పాలి, ధనుర్వాతం ఇంజెక్షను చివరిసారి ఎప్పుడు వేయించుకున్నదీ చెప్పాలి. విరిగిన పంటి ముక్కలు లోపల మిగిలాయేమో ఎక్స్‌రేలో చూస్తారు. లోతు గాయాన్ని వెంటనే కుట్టకుండా రెండు మూడు రోజులు కడుగుతూ తెరిచి ఉంచితే ఆసుపత్రి వాళ్లు నిర్లక్ష్యం చేస్తున్నారని బంధువులు గొడవకు దిగనక్కర్లేదు; లోపల చీము మూసుకుపోకుండా అలా చేస్తారు.